వంటింట్లో ఒక బొమ్మల పుస్తకం

బడికి సెలవులిచ్చారంటే చాలు, స్టేషనరీ షాపుల్లో రంగుల కిట్లకు గిరాకీ పెరుగుతుంది. డబ్బాలో పన్నెండు రంగులు, మెరుపుల పొడి, అతికించే రాళ్లు, ఏది ఎక్కడ అతికించాలో అచ్చువేసిన కాగితం. పిల్లలు రెండు రోజులు ఆడుకుంటారు. మూడోరోజుకు ఆ డబ్బా మంచం కిందకు చేరుతుంది. కొనవద్దని నేను చెప్పను. కానీ ఆ డబ్బు ఖర్చుపెట్టే ముందు మీ పోపులపెట్టె మూత తీసి పిల్లల ముందు పెట్టి చూడండి. మెంతుల పసుపు వేరు, శనగపప్పు పసుపు వేరు, పసుపుకొమ్ము పసుపు వేరు. ఆవాలు వేళ్ల మధ్య జారిపోతాయి, ధనియాలు గీతలు గీతలుగా తగులుతాయి, జీలకర్ర గుచ్చుకుంటుంది. ఇంత వైవిధ్యం ఏ కిట్టులోనూ దొరకదు.

నేను అడిగేది చిన్న పని. మీ ఇంట్లో వండుకునే వంటలతో మీ పిల్లల చేత ఒక పుస్తకం చేయించండి. ఒక్కో వంటకు ఒక్కో పేజీ. అందులో చేతిరాత ఉంటుంది, వంటింటి రంగులుంటాయి, గుడ్డముక్కలు, కాగితాలు, గింజలు, ఆకుల అచ్చులు ఉంటాయి. ఇలా రకరకాల వస్తువులను కలిపి ఒకే బొమ్మగా చేయడాన్ని చిత్రకారులు మిక్స్‌డ్ మీడియా అంటారు. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను కాన్వాసు మీద అతికించి, దాని చుట్టూ తాడు బిగించి ఒక బొమ్మ చేశాడు. ఆధునిక చిత్రకళలో కొలాజ్ అనే పద్ధతికి దాన్ని తొలి మెట్టుగా చెబుతారు. ఆయిల్‌క్లాత్ అంటే ఇళ్లలో భోజనాల బల్ల మీద పరుచుకునేదే.

మన దగ్గర అయితే ఈ కలపడం అంతకు ఎంతో ముందునుంచీ ఉంది, అదీ నేరుగా వంటింటి సరుకులతో. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు కథలు చెప్పే పటాలు వేస్తారు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి, ఆరాక దాని మీద బొమ్మ దిద్దుతారు. అదే చింతగింజల ముద్దను రంపపుపొట్టుతో కలిపి మాస్కులు చేస్తారు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేసిన బొమ్మలకు చేతులూ కాళ్లూ అతికేది కూడా చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిసిన మక్కుతోనే. ఏటికొప్పాకలో లక్క బొమ్మలకు పసుపులాంటి వాటినుంచి తీసిన రంగులు వాడతారు. ఆ సహజ రంగులను తిరిగి నిలబెట్టడానికి శ్రమించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీ సంగతి కాస్త తర్వాత వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ పుస్తకానికి అట్ట అక్కడినుంచే వస్తుంది.

ఇవన్నీ పిల్లలకు పాఠంలా అప్పజెప్పమని కాదు. చింతపండు పిసుకుతున్నప్పుడు ఒక గింజ వాళ్ల చేతిలో పెట్టి, కొండపల్లి బొమ్మను అతికించేది దీంతోనేనమ్మా అని ఒక్కమాట చెప్పండి. ఆ గింజను వాళ్లు చూసే చూపు మారుతుంది.

మొదటి పేజీ ఎలా తయారవుతుందో పులిహోరతో చెబుతాను. పండగనాడు వద్దు, ఆరోజు మీకు తీరిక ఉండదు. మామూలు ఆదివారం ఉదయం చేయండి. అన్నం పలుకుగా వండి వెడల్పాటి పళ్లెంలో ఆరబోసినప్పుడు పిల్లల్ని పిలవండి. తెల్లటి అన్నం మీద పసుపు, నూనె వేసి కలుపుతుంటే రంగు ఎలా పాకుతుందో చూడనివ్వండి. ఒక్కసారిగా అంతా పచ్చబడదు. ముందు అక్కడక్కడా చారలు, తర్వాత కొన్ని మెతుకులు ముదురుగా, కొన్ని లేతగా, చివరికి ఒకటే రంగు. ఆ చారల దశలో ఆగి, దీన్ని కాగితం మీద ఎలా వేస్తావు అని అడగండి. సమాధానం వెంటనే రాకపోయినా తొందరపెట్టకండి. పోపు వేసేటప్పుడు రెండడుగులు దూరంగా నిలబెట్టి ఆవాల చిటపట విననివ్వండి. ఇంగువ వాసన వచ్చిన క్షణం ఎప్పుడో వాళ్లనే చెప్పమనండి.

తిన్న తర్వాత పేజీ మొదలవుతుంది. పల్చటి గంజిలో అర చెంచా పసుపు కలపండి. ఒట్టి నీళ్లలో కలిపితే పసుపు అడుక్కు దిగిపోయి కాగితం మీద మరకలు మరకలుగా పడుతుంది. గంజి పట్టి ఉంచుతుంది. బ్రష్షు లేకపోయినా ఫర్వాలేదు, వేళ్లతో పూయనివ్వండి. అది ఆరాక ఆవాలు జిగురుతో చుక్కలుగా అతుకుతాయి. కరివేపాకు రెమ్మకు వెనకవైపు, అంటే ఈనెలు తేలిన వైపు, రంగు పూసి కాగితం మీద నొక్కి తీస్తే ఆకు అచ్చు పడుతుంది. చింతపండు పిసికాక మిగిలిన పీచును కడిగి ఆరబెడితే అదొక అల్లికలా పేజీలో ఒదుగుతుంది. వేరుశనగ గుళ్ల మీది గులాబీ పొట్టు చిటికెడు చాలు, కాగితానికి ప్రాణం వస్తుంది. మరి ఎండుమిరపకాయ? దాన్ని పేజీలో పెట్టకూడదు. తడి వేలితో తాకి కళ్లు నలుపుకుంటే పిల్లలు అల్లాడిపోతారు. అక్కడ పాత ఎర్ర రవికె గుడ్డను మిరపకాయ ఆకారంలో కత్తిరించి అతికించమనండి. ఉన్న వస్తువునే పెట్టాలా, దాని బదులు ఇంకొకటి పెట్టినా చూసేవాళ్లకు అదే తోస్తుందా అన్న ఆలోచన బొమ్మలు వేసేవాళ్లకు చాలా అవసరం. అది ఈ మిరపకాయ దగ్గరే మొదలవుతుంది.

పేజీ మూలలో వంట ఎలా చేయాలో వాళ్ల మాటల్లోనే రాయనివ్వండి. ఒక పిల్లవాడు రాసిన పులిహోర పద్ధతి నాకు బాగా గుర్తుంది. ఎన్ని చెంచాలో ఎక్కడా లేదు. ఆవాలు అరవడం ఆపాక మిరపకాయలు వేయాలి, అమ్మ తుమ్మితే పోపు అయినట్టు అని ఉంది. ఆ వాక్యాలను దిద్దకూడదు. అక్షరదోషాలుంటే ఉండనివ్వండి. కొలతలు కావాలనిపిస్తే మీరు పక్కన చిన్న కాగితం మీద రాసి అతికించండి. అదీ పేజీలో భాగమే అవుతుంది.

రంగుల విషయంలో పిల్లల్ని కట్టిపడేసేది పసుపు. పసుపు నీళ్లు పూసి ఆరిన కాగితం మీద వంటసోడా కలిపిన నీళ్లతో గీత గీస్తే ఆ గీత ఎర్రటి ఇటుక రంగులోకి మారుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పచ్చబడుతుంది. పసుపులోని కుర్కుమిన్‌కు ఆ గుణముంది. క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే వెనక్కి వస్తుంది. పెళ్లిలో పసుపు మరకపడిన చీర సబ్బు పెట్టగానే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి కూడా పసుపు, సున్నం కలిపితే వచ్చేదే. సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, చర్మాన్ని కాలుస్తుంది. వంటసోడాతో సరిపెట్టండి.

శంఖుపూలు వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది, నిమ్మరసం పిండితే ఊదాలోకి తిరుగుతుంది. పెరట్లో బచ్చలితీగ ఉంటే దాని పండ్లు చిదిమితే వచ్చే రంగుకు సాటి లేదు. పల్లెల్లో పిల్లలు దాన్నే సిరాగా వాడుకునేవారు. చిక్కటి కాఫీ డికాక్షన్ మట్టిరంగు ఇస్తుంది, పాత కాగితంలా కనిపించాలంటే అదే మంచిది. బీట్‌రూట్ మొదట కళ్లు చెదిరేలా ఉంటుంది గానీ కొన్నాళ్లకు వెలిసి గోధుమరంగుకు దిగుతుంది. పసుపు కూడా ఎండ తగిలితే పాలిపోతుంది. ఈ సంగతి ముందే పిల్లలకు చెప్పండి. పేజీ వేసిన తేదీ కింద రాయించి, నెల తర్వాత మళ్లీ తెరిచి రంగు ఎంత మారిందో చూడమనండి. ఎండలో పెట్టిన ముక్క ఎలా ఉంది, పుస్తకం లోపల దాచిన ముక్క ఎలా ఉంది అని పోల్చుకోవడం వాళ్లకు ఇష్టమైన పనైపోతుంది. రంగు నిలవాలనుకున్న చోట మామూలు వాటర్ కలర్ వాడుకోవచ్చు. వంటింటి రంగులే వాడాలన్న పట్టుదల ఏమీ అక్కర్లేదు.

జిగురుకు మైదా లై చాలు. రెండు చెంచాల మైదాను చల్లటి నీళ్లలో ఉండకట్టకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూ ఉడికిస్తే తెలుపు పోయి కాస్త పారదర్శకంగా మారుతుంది. అప్పుడు దించాలి. పాతకాలంలో పుస్తకాల బైండింగుకు, పోస్టర్లకు కాచే లైలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు. అది విషం. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా సలహా ఇచ్చినా పిల్లల పనికి అది వద్దు. లవంగాల పొడి చిటికెడు కలిపి, రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే కాచుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. గింజలు అతికించిన పేజీలను బాగా ఎండబెట్టాకే పుస్తకం మూయాలి, లేదంటే బూజు పడుతుంది. పప్పుగింజలను ముందు పొడి మూకుట్లో కాసేపు వేయిస్తే పురుగు భయం తగ్గుతుంది. ఇంత చేసినా చీమలు రావచ్చు. అందుకే పుస్తకాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టుకోవడం మేలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. అన్నం పరబ్రహ్మస్వరూపం అని నమ్మే ఇళ్లు మనవి. తినే పదార్థాన్ని కాగితానికి పూస్తారా అని అత్తగారో అమ్మమ్మగారో అడిగితే ఆ ప్రశ్నను కొట్టిపారేయకండి, అందులో న్యాయముంది. ఈ పుస్తకానికి తినే సరుకు వాడాల్సింది చిటికెడే. మిగిలినదంతా పారేసే వాటితోనే జరిగిపోతుంది. బెండకాయలు తరిగేటప్పుడు తీసేసే ముచ్చికలున్నాయి చూడండి, వాటిని రంగులో ముంచి అద్దితే అయిదు రేకుల పువ్వులు పడతాయి. కూరకు బెండకాయ, పేజీకి ముచ్చిక. ఉల్లిపొర, వెల్లుల్లి పొట్టు, దానిమ్మ తొక్క, అరటిదూట చివరి ముక్క, కొబ్బరిపీచు, బియ్యం సంచీ మీది అచ్చు, టీ పొడి ప్యాకెట్టు కాగితం, కిరాణా చీటీ, అన్నీ పనికొచ్చేవే. ఉల్లిపొర అతికిస్తే అచ్చం పట్టుబట్టలా మెరుస్తుంది. గుప్పెళ్లకొద్దీ పప్పులు, బియ్యం పోసి బొమ్మలు చేయించే పోటీలు నాకు నచ్చవు. పిల్లలకు రెండు విషయాలు ఒకేసారి తెలియాలి, వస్తువును చూసి ఆనందించడమూ, దాన్ని పారబోయకుండా ఉండడమూ.

ఇక అట్ట. ఇది సెలవుల్లో తీరిగ్గా చేయాల్సిన పని, పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు ముందు నూలుబట్టను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెడతారు. నల్లరంగు కోసం బెల్లం, ఇనుపముక్కలు నీళ్లలో వేసి దాదాపు మూడు వారాలు ఊరబెడతారు. కరక్కాయలో ఉన్న వగరుకు ఇనుము తగలగానే నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు గీత అటూ ఇటూ పాకకుండా పట్టి ఉంచుతుంది. పాలు, బెల్లం, కరక్కాయ, తుప్పు, ఇంతే. ఇంత మామూలు సరుకులతో దేవుళ్ల కథలు గీసి దేశదేశాలకు పంపారు మనవాళ్లు.

ఇంట్లో దీన్ని చిన్నగా చేసుకోవచ్చు. పాత నేతచీర అంచు లేని భాగం నుంచి జానెడు ముక్క కత్తిరించి, గంజి పోయేలా ఉతికి ఆరేయండి. మూలికల షాపులో కరక్కాయ పొడి దొరుకుతుంది. రెండు చెంచాలు గ్లాసుడు పాలల్లో కలిపి, గుడ్డను అరగంట నానబెట్టి, గట్టిగా పిండి ఎండలో వేయండి. లేత పసుపురంగులోకి వస్తుంది. నల్ల సిరా మాత్రం పెద్దవాళ్లే తయారుచేయాలి. ఒక గాజుసీసాలో నీళ్లు పోసి, చిన్న బెల్లంముక్క, తుప్పుపట్టిన మేకులు వేసి, మూత బిగించకుండా గుడ్డ కట్టి బయట మూలన పెట్టండి. మూత బిగిస్తే లోపల గాలి పుట్టి ఇబ్బంది. సీసా మీద తాగకూడదని పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మేకులను పిల్లల చేత తీయించకండి. మూడు వారాలయ్యాక మీరే వడగట్టి చిన్న గిన్నెలో పోసి ఇవ్వండి.

కలం వాళ్లే చేసుకోవచ్చు. వెదురుపుల్ల కొనను కాస్త మొద్దుగా చెక్కి, కొనకు అరంగుళం పైన గుడ్డపేలిక చుట్టి దారం కట్టాలి. పేలికను సిరాలో ముంచి, వేళ్లతో మెల్లగా నొక్కుతుంటే సిరా కొనకు దిగుతుంది. ఎంత నొక్కితే ఎంత దిగుతుందో చేతికి తెలియడానికి కాసేపు పడుతుంది. మొదట వేరే గుడ్డ మీద సాధన చేయించండి. కలం ఆనించినప్పుడు ఆ సిరా పెద్దగా నల్లగా ఉండదు. బట్టకు తగిలాక చూస్తుండగానే నలుపెక్కుతుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసే క్షణం అది. ఏమి గీయాలో మీరు చెప్పకండి. గరిటె గీసినా, రోలు గీసినా, అమ్మమ్మ ముఖం గీసినా అది వాళ్ల ఇష్టం. ఆ గుడ్డను అట్టముక్కకు లైతో అతికించి, పేజీలకు కన్నాలు పెట్టి, దారంతో కుట్టేస్తే పుస్తకం సిద్ధం. కొన్నాళ్లు ఆ అట్ట పాలవాసన వేస్తుంది.

ఇప్పుడు మన గురించి. ఈ పనిలో పిల్లలకన్నా పెద్దవాళ్లకే ఓపిక ఎక్కువ కావాలి. పిల్లలు పేజీ చూపించగానే మనకు నోటికొచ్చే మొదటి మాట, ఇదేంటి అని. రెండోది, ఇక్కడ ఇంకొంచెం రంగు వేయకపోయావా అని. ఈ రెండూ మింగేయండి. వాటి బదులు, ఇది ఎలా వేశావో చెప్పు అని అడగండి. కథ దానంతటదే వస్తుంది. ఒక అమ్మాయి తన పేజీ నిండా బూడిదరంగు పూసి, మధ్యలో చిన్న పసుపు చుక్క పెట్టింది. ముద్దపప్పు పేజీ అని చెప్పింది. బూడిదరంగు కుక్కర్‌లోంచి వచ్చే ఆవిరి. పప్పు ఇంకా లోపలే ఉందట, ఆకలేస్తోందట. దాన్ని సరిదిద్ది ఉంటే ఆ ఆకలి పేజీలోంచి పోయేది. మీరు పిల్లల పేజీ మీద చేయి పెట్టకండి. మీకు వేయాలనిపిస్తే మీకంటూ ఒక పేజీ తీసుకోండి. నాన్న కూడా ఒక పేజీ వేసే ఇంట్లో పిల్లలు ఎక్కువకాలం ఈ పని కొనసాగిస్తారు, ఇది నేను చూసిన విషయం.

మగపిల్లలను తప్పక కూర్చోబెట్టండి. వంటింట్లో వాడికేం పని అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది. రంగు, జిగురు, గుడ్డముక్క అనే ఆకర్షణతో లోపలికి వచ్చినవాడు పప్పు కడగడమూ నేర్చుకుంటాడు, తిన్న పళ్లెం తీయడమూ నేర్చుకుంటాడు. బొమ్మ అయ్యాక బల్ల తుడవడం, బ్రష్షులు కడగడం అందరి వంతు. వంట అయ్యాక స్టవ్ తుడిచినట్టే ఇదీ పనిలో భాగమని మొదటిరోజే చెప్పండి. పాత దుప్పటి పరిచి, పాత చొక్కా తొడిగి కూర్చోబెడితే మరకల గురించి మీకూ బెంగ ఉండదు.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో గింజలు, ఆవాలు, పూసలు వద్దు. ముక్కులోనో గొంతులోనో పెట్టుకుంటారు. వాళ్లకు పసుపు గంజి, బీట్‌రూట్ నీళ్లు ఇచ్చి చేతులతో పూయించండి, అంతే చాలు. కారప్పొడి, మిరియాలపొడి ఏ వయసువాళ్లకూ రంగుగా ఇవ్వకండి. వేరుశనగ పడని పిల్లలుంటే ఆ పొట్టు జోలికీ పోవద్దు. చాకు, పొయ్యి దగ్గర పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. బొమ్మకు వాడిన గిన్నెలు, గరిటెలు విడిగా పెట్టుకోండి, వాటిని మళ్లీ వంటకు వాడకండి.

పుస్తకం రెండు మూడు పేజీలు నిండాక ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గరకు పంపండి. నాయనమ్మనో తాతయ్యనో ఒక వంట చెప్పమనాలి. వాళ్ల కొలతలు పిల్లలకు వింతగా ఉంటాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఆ పాత్రలు అటక మీద ఎక్కడో ఉంటే దింపి, కాగితం మీద బోర్లించి చుట్టూ గీత గీయమనండి. పేజీలో అవే బొమ్మలవుతాయి. నాయనమ్మ చేతిరాతతో నాలుగు వాక్యాలు రాయించి అతికించండి. ఆమెకు రాయడం రాకపోతే ఆమె చెయ్యి గోరింటాకు రంగులో అద్దించండి. సకినాలు చేసే ఇల్లయితే, ఆమె వేళ్ల మధ్యనుంచి పిండిని తిప్పుతూ గుడ్డ మీద చుట్లు ఎలా వేస్తుందో దగ్గర కూర్చుని చూడమనండి. ఆ చుట్లను పేజీలో ఊలుదారంతో తిప్పి అతికించవచ్చు. కోనసీమవాళ్లు పూతరేకును పల్చటి టిష్యూ కాగితపు పొరలతో చేసుకోవచ్చు. రాగిసంగటికి కాఫీ డికాక్షన్‌లో ముంచి నలిపిన కాగితం బాగుంటుంది. ఏ ప్రాంతం వంట ఆ ప్రాంతం వాళ్ల చేతిలో ఎలా కదులుతుందో ఆ కదలికను పట్టుకోవడమే ఇక్కడ అసలు పని.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న మన పిల్లలకు ఈ పుస్తకం ఇంకా ఎక్కువ అవసరమని నాకనిపిస్తుంది. వీడియో కాల్‌లో బాగున్నావా అంటే బాగున్నానని చెప్పి ఫోన్ అమ్మకు ఇచ్చేసే పిల్లలు, అమ్మమ్మా గోంగూర పచ్చడి పేజీకి ఏ రంగు వేయాలి అని అడగడం మొదలుపెడితే మాట సాగుతుంది. తెలుగు అక్షరాలు రాయడం వచ్చినవాళ్లు వంట పేరైనా తెలుగులో రాస్తారు. బచ్చలిపండు దొరక్కపోతే అక్కడ దొరికే ఎర్రక్యాబేజీ నీళ్లు వాడుకోవచ్చు. శంఖుపూల నీళ్లలాగే పులుపుకు అదీ రంగు మారుస్తుంది.

ఒక విన్నపం. పేజీ పూర్తికాగానే ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టకండి. ఎన్ని లైకులొచ్చాయని పిల్లలు అడగడం మొదలైతే తర్వాతి పేజీని వాళ్లు ఆ లైకుల కోసం వేస్తారు. పక్కింటి పిల్ల పేజీతో పోల్చకండి. బహుమతులు పెట్టకండి. వారం వారం చేయాల్సిందేనని నియమం పెట్టకండి. నెలరోజులు ముట్టుకోకపోయినా ఆ పుస్తకం వంటింటి అలమరాలోనే ఉండనివ్వండి. మళ్లీ ఒకరోజు మామిడికాయ పప్పు వాసన వచ్చినప్పుడు వాళ్లే తీస్తారు.

ఈ ఆదివారం ఒక దళసరి కాగితాల నోటుపుస్తకం, ఒక గిన్నెడు గంజి, చిటికెడు పసుపు సిద్ధంగా పెట్టుకోండి. మొదటి పేజీ ఏ వంటకు కేటాయించాలో మీరు నిర్ణయించకండి, పిల్లల్నే అడగండి.